రేవుపట్నపు చిన్న కచేరీలో స్పామ్ బెడద

విశాఖపట్నం రేవు 1933లో ప్రారంభమైన నాటినుండి ఈ ఊరిలో కాగితం లేనిదే సరుకు కదలదు. ఆ కాగితమే నేడు ఈమెయిల్ రూపము దాల్చినది. ఓడ రాక కబురు, బిల్ ఆఫ్ లేడింగ్, ఇన్వాయిస్ అన్నీ అందులోనే వస్తున్నవి. పదిమంది పనిచేసే క్లియరింగ్ ఏజెంటు కచేరీకైనను, గాజువాక ఆటోనగర్‌లోని చిన్న కార్ఖానాకైనను అదే తపాలాపెట్టె. అది అక్కరలేని ఉత్తరాలతో, అనగా స్పామ్‌తో, నిండుతున్నప్పుడు ఏమి చేయవలెనో మాకు తెలిసినంత మేరకు వివరిస్తాము.

ఈ వ్యాధి కొత్తది కాదు. 1978 మే నెలలో గ్యారీ థుర్క్ అనే అమెరికా ఉద్యోగి తమ కంప్యూటర్ల ప్రకటనను అర్పానెట్‌లో దాదాపు 400 మందికి ఒకేసారి పంపినాడు. 1982లో జోనథన్ పోస్టెల్ ప్రకటించిన ఎస్.ఎమ్.టి.పి. నిబంధనలలో పంపినవాడెవడని నిర్ధారించే ఏర్పాటు లేదు. కవరుపై ఎవరి పేరైనా వ్రాసి తపాలాడబ్బాలో వేయవచ్చును గదా, ఇదీ అట్లే. ఆనాటి వాడుకదారులు కొద్దిమంది, చాలావరకు పరిచయస్తులు. వారిని తప్పు పట్టలేము.

విదేశీ ఉత్తరాలన్నీ ఆపివేస్తే సరి అని కొందరు యజమానులు అంటారు. రేవుపట్నంలో అది చెల్లదు. సింగపూరు నుండి వచ్చిన కబురు చెత్తబుట్టలో పడితే సరుకు విడుదల ఆలస్యమై డెమరేజి కట్టవలసి వస్తుంది.

మేము చూచిన ఒక కచేరీలో కంపెనీ చిరునామాకు ముందు ఏ పేరు వ్రాసినా ఉత్తరం లోనికి వచ్చే ఏర్పాటు ఉండేది. లేని ఉద్యోగుల పేర్లకు కూడ ఉత్తరాలే! మొదట మూయవలసిన తలుపు అదే. తరువాత స్పామ్‌హౌస్ వంటి సంస్థల దుష్టచిరునామాల పట్టికతో సర్వరును అనుసంధానించవలెను.

ఇక జల్లెడ. 1763లో వెలువడిన బేయిస్ సంభావ్యతా సూత్రాన్ని స్పామ్ ఏరుటకు వాడవచ్చునని 2002లో పాల్ గ్రాహమ్ వ్రాసిన వ్యాసం బహుళ ప్రచారం పొందినది. ఏ మాట చెత్తలో ఎంత తరచుగా, మంచి ఉత్తరాలలో ఎంత తరచుగా వచ్చునో లెక్కించి జల్లెడ తీర్పు చెప్పును. ఇక్కడనే చిక్కు. "ఇన్వాయిస్", "తక్షణ చెల్లింపు" అనే మాటలు ఇతరులకు అనుమానాస్పదములు, రేవు గుమాస్తాకు నిత్యకృత్యములు. కాబట్టి జల్లెడకు మన కచేరీ ఉత్తరాలతోనే పాఠం చెప్పవలెను. ఆపిన ఉత్తరాలను రోజుకొకసారైనా ఒకరు చూడవలెను. ఈ పని ఎవరిదో తేల్చకుండుటే చాలచోట్ల జరుగుతున్న పొరపాటు.

ఎస్.పి.ఎఫ్., డి.కె.ఐ.ఎమ్., డి.మార్క్ అనేవి పంపినవారి చిరునామాకు సాక్ష్యములు. మొదటిది ఏ సర్వరుకు అనుమతి ఉన్నదో చెప్పును. రెండవది ముద్ర వేయును. ఈ రెండూ తప్పిన ఉత్తరాన్ని ఏమి చేయవలెనో మూడవది ఆదేశించును. 2024 ఫిబ్రవరి నుండి గూగుల్, యాహూ పెద్దయెత్తున ఉత్తరాలు పంపేవారికి ఈ మూడింటిని తప్పనిసరి చేసినవి. అయినను ఒక్క అక్షరం మార్చిన చిరునామాను కొన్న మోసగాడు మూడు పరీక్షలలోను నెగ్గగలడు.

అందుచేత "మా బ్యాంకు ఖాతా మారినది" అని ఉత్తరం వస్తే, అందులోని నంబరుకు గాక పాత చిట్టాలోని నంబరుకు ఫోను చేసి విచారించవలెను. సొమ్ము అప్పటికే పోయినదని తెలిస్తే వెంటనే 1930కు తెలుపవలెను. ఆలస్యమైన కొద్దీ అది ఒక ఖాతానుండి మరియొక ఖాతాకు దాటిపోవును.