రోబో లైన్ తప్పుతోందా? కోడ్ మార్చే ముందు కింద ఉన్న గోళీ చూడండి!

వంపు రాగానే లైన్ ఫాలోయర్ రోబో ట్రాక్ దాటేస్తుంది. వెంటనే ల్యాప్‌టాప్ తెరిచి కోడ్ మార్చేస్తారు. అయినా అదే తీరు! తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీలో చదివేవాళ్లయినా, ఏలూరులో అటల్ టింకరింగ్ ల్యాబ్‌లో మొదటి రోబో బిగిస్తున్న ఆరో తరగతి పిల్లలైనా ముందుగా చూడాల్సింది ఒకటుంది. అదే బాల్ క్యాస్టర్. కిట్‌లో చవకైన భాగమే కానీ, పోటీ రోజు కొంప ముంచేదీ ఇదే.

చిన్న గిన్నెలో ఎటైనా దొర్లే గోళీ.. అంతే దీని నిర్మాణం. రెండు చక్రాలను మోటార్లు తిప్పుతాయి, మూడో కాలు ఇది. మూడు కాళ్ల పీట ఎక్కడ పెట్టినా ఊగదు కదా, అదే సూత్రం. ఆఫీసు కుర్చీకి ఉండే తిరుగుడు చక్రం కూడా పెట్టొచ్చు. కానీ రివర్స్ తీసుకోగానే అది గిర్రున తిరిగి బండిని పక్కకు నెడుతుంది.

ఎత్తు ఎంత ఉండాలి?

చాలామంది తడబడేది ఇక్కడే. కిట్లలో వచ్చే పసుపు మోటార్ చక్రం వ్యాసం 65 మి.మీ. అంటే నేల నుంచి ఇరుసు దాకా 32.5. మోటార్‌ని ప్లేట్ కింద బిగిస్తే, ఇరుసు నుంచి ప్లేట్ దాకా ఇంకో 11 మి.మీ. ఉంటుంది. మొత్తం 43.5. క్యాస్టర్ ఎత్తు 15 అయితే 28.5 తక్కువ పడుతుంది. 25 మి.మీ. స్పేసర్లు పెట్టి, మిగతాది వాషర్లతో సరిచేయాలి. మీ మోటార్ కొలత వేరే ఉండొచ్చు, స్కేలు పెట్టి చూసుకోండి.

ఎత్తు తేడా వస్తే బండి పడిపోదు, వంగుతుంది. దాంతో ముందున్న ఐఆర్ సెన్సర్ నేలకు దూరమో దగ్గరో అయిపోతుంది. సెన్సర్‌కి ఆ కొద్ది మిల్లీమీటర్లే ప్రాణం. తప్పు కోడ్‌ది అనిపించేది అందుకే.

ముందొకటి, వెనకొకటి రెండు క్యాస్టర్లు పెడితే ఇంకో చిక్కు. రెండూ నేలను గట్టిగా తాకితే, ఎగుడుదిగుడు దగ్గర చక్రాలు గాల్లో తేలతాయి. ఒకదాన్ని మిల్లీమీటరో రెండో పైకి ఉంచాలి.

బరువు ఎక్కడ పడాలి?

చక్రాల మీదే ఎక్కువ పడాలి. అర కిలో రోబోలో ఇరుసు నుంచి క్యాస్టర్ 10 సెం.మీ. దూరంలో ఉందనుకుందాం. బరువు కేంద్రం ఇరుసుకు 2 సెం.మీ. ముందుంటే క్యాస్టర్ మీద పడేది 100 గ్రాములే. బ్యాటరీని జరిపి ఆ కేంద్రాన్ని 5 సెం.మీ.కి తెస్తే 250 గ్రాములు! చక్రాలకు పట్టు తగ్గి వంపులో జారతాయి. అలాగని మొత్తం బరువు ఇరుసు మీదకు తెచ్చినా ఇబ్బందే. ఒక్కసారిగా స్పీడ్ పెంచితే ముక్కు పైకి లేస్తుంది.

స్క్రూలు మరీ బిగించొద్దు. ప్లాస్టిక్ గిన్నె వంగితే గోళీ ఇరుక్కుంటుంది. బిగించాక వేలితో అన్ని వైపులా తిప్పి చూడండి.

మన నేల మీద పనిచేస్తుందా?

ఫ్లెక్స్ షీట్, గచ్చు మీద బాగానే ఉంటుంది. ఏలూరు తివాచీ మీద మాత్రం పెట్టకండి. ఉన్ని పోగులు గోళీ చుట్టూ చేరతాయి, తివాచీ కూడా పాడు. కొల్లేరు వైపు తేమకు స్టీల్ గోళీ తుప్పు పట్టొచ్చు. నూనె రాస్తే దుమ్ము అంటుకుంటుంది, పొడి గుడ్డతో తుడవడమే మేలు. ఇక చేపల చెరువు గట్ల మీద నడిచే రోబో చేయాలంటే బాల్ క్యాస్టర్ ఆలోచనే వద్దు. మెత్తటి మట్టిలో గోళీ దిగబడిపోతుంది. అక్కడ నాలుగు పెద్ద చక్రాలు, నాలుగింటికీ మోటార్లు ఉండాల్సిందే.