గాజు పోగు వెంట వచ్చే ఇనుప తీగ

తెలుగునాట చాలా ఇళ్లకు ఇంటర్నెట్ ఇప్పుడు కాంతి రూపంలోనే చేరుతోంది. 125 మైక్రాన్ల మందం గల గాజు పోగు నడుమ తొమ్మిది మైక్రాన్ల మేర మాత్రమే ఉండే ‘కోర్’ గుండా కంటికి కనిపించని పరారుణ కాంతి ప్రయాణిస్తుంది. కోర్‌ను చుట్టి ఉండే ‘క్లాడింగ్’ అనే గాజు పొర వక్రీభవన గుణకం కాస్త తక్కువ కావడంతో, ఆ కాంతి బయటికి జారిపోకుండా సంపూర్ణాంతర పరావర్తనం చెందుతూ ముందుకు సాగుతుంది. గాజులోని మలినాలను తొలగించగలిగితే కాంతి సంకేతాలను కిలోమీటర్ల కొద్దీ పంపవచ్చునని 1966లో సూచించిన చార్లెస్ కావోకు 2009లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి దక్కింది. గాజులో విద్యుత్తు ప్రవహించదు గనుక ఫైబర్ కేబుల్‌ను కరెంటు స్తంభానికి కట్టినా భయం లేదన్న నమ్మకం జనంలోనే కాక, పని చేసేవారిలోనూ ఉంది. ఆ నమ్మకం గాజు పోగు వరకే నిజం, కేబుల్ మొత్తానికి కాదు.

కరెంటు స్తంభాలనే ఆధారంగా చేసుకున్న పెద్ద ప్రయత్నం ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్. 2017 డిసెంబరులో నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఈ వ్యవస్థ కోసం దాదాపు 24 వేల కిలోమీటర్ల కేబుల్‌ను, భూమి తవ్వే ఖర్చు తప్పించుకుంటూ, విద్యుత్ స్తంభాల మీదుగా లాగారు. తెలంగాణలో టీ-ఫైబర్ కోసం మిషన్ భగీరథ నీటి గొట్టాల కందకాలను వాడుకున్నారు. విద్యుత్ లైన్ల సరసన వేలాడవలసిన కేబుల్‌కు ‘ఏడీఎస్ఎస్’ అనే ప్రత్యేక రకం ఉంది. దానిలో లోహమన్నది లేకుండా, అరామిడ్ నూలు బలంతో అది తన బరువును తానే మోసుకుంటుంది.

చిక్కంతా ప్రధాన కేబుల్ దగ్గర కాక, స్తంభం మీది పెట్టె నుంచి ఇంటికి వచ్చే ‘డ్రాప్ కేబుల్’ దగ్గర మొదలవుతుంది. నల్లగా, బల్లపరుపుగా కనిపించే ఈ కేబుల్‌లో గాజు పోగుకు పక్కనే, లాగినప్పుడు తెగకుండా, ఒక ఉక్కు తీగ ఉంటుంది. ఇంటి దగ్గరికి వచ్చాక ఆ తీగను కేబుల్ నుంచి చీల్చి, పైనున్న ప్లాస్టిక్ తొడుగు ఊడిపోయినా పట్టించుకోకుండా, బాల్కనీ గ్రిల్‌కో కిటికీ చువ్వకో మెలిపెట్టి కట్టేయడం మామూలైపోయింది. దారిలో ఎక్కడైనా ఈ తీగ తొడుగు అరిగి లైవ్ వైరుకు తగిలినా, ఇన్సులేటరు పాడై ఎర్తింగ్ సరిగా లేని ఇనుప స్తంభానికి కరెంటు పాకినా, అది నేరుగా గ్రిల్ దాకా వస్తుంది. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి విద్యుత్తు తగిలి ఐదుగురు మరణించిన తరువాతే, స్తంభాలపై అల్లుకున్న కేబుళ్ల తొలగింపు ముమ్మరమై, వివాదం హైకోర్టుకు కూడా చేరింది.

ఇలా వచ్చే కరెంటును ఇంట్లోని డిస్ట్రిబ్యూషన్ బాక్సు ఆపలేదన్నది చాలామందికి తట్టని సంగతి. ఆ పెట్టెలోని ఎంసీబీ పని వైర్లను కాపాడటం. 16 ఆంపియర్ల ఎంసీబీ అంతకు మించిన ప్రవాహానికే పడిపోతుంది, మనిషి ప్రాణానికి మాత్రం ఒక ఆంపియర్‌లో పదో వంతు కూడా ముప్పే. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ: ఫేజు వైరులో వెళ్లిన కరెంటునూ న్యూట్రల్‌లో తిరిగి వచ్చిన కరెంటునూ అది నిరంతరం పోల్చి చూస్తూ, తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేలోగానే సరఫరాను తెంచివేస్తుంది. అయితే ఆ లెక్క ఇంటి మీటరు దాటి వచ్చిన కరెంటుకే వర్తిస్తుంది. స్తంభం నుంచి ఉక్కు తీగ మీదుగా గ్రిల్‌కు చేరి, దాన్ని పట్టుకున్న మనిషి గుండా భూమిలోకి దిగే కరెంటు ఆర్‌సీసీబీ గుండా పోనే పోదు కాబట్టి, ఎంత ఖరీదైన పరికరమైనా చలనం లేకుండా ఉంటుంది. అందుకే ఉక్కుకు బదులు ఎఫ్ఆర్‌పీ అనే గాజునార ప్లాస్టిక్ కడ్డీ ఉన్న డ్రాప్ కేబుల్‌ను అడగడం, ఉక్కు తీగ తప్పనిసరైతే ప్లాస్టిక్ క్లాంపుతో గోడకే బిగించి గ్రిల్‌కు తగలకుండా చూడటం మేలు. ధరలో తేడా స్వల్పమే అయినా, అడిగేవారు లేకపోతే కట్టేవారు చవకదే తెస్తారు.

స్తంభం మీద ఒకే పోగును ఎనిమిది ఇళ్లకో పదహారు ఇళ్లకో పంచే ‘స్ప్లిట్టర్’కు కరెంటుతో పని లేదు. ఇంటి లోపలి మోడెంకు మాత్రం అడాప్టర్ ద్వారా కరెంటు కావాలి గనుక, దానిని డిస్ట్రిబ్యూషన్ బాక్సులోనే ఇరికించకుండా విడిగా, గాలి ఆడే చోట బిగించాలి. పిడుగుల వేళ గాజు పోగును ఊడదీయనక్కరలేదు. అడాప్టర్‌ను ప్లగ్గు నుంచి తీస్తే చాలు.

మోడెం మీద ‘ఎల్ఓఎస్’ అనే ఎర్ర దీపం వెలిగితే కాంతి చేరడం లేదని అర్థం. అప్పుడు పోగును ఊడదీసి దాని కొసలోకి తొంగిచూడటం కొందరికి అలవాటు. ఇంటర్నెట్‌తో పాటు కేబుల్ టీవీ ప్రసారాలనూ అదే పోగులో 1550 నానోమీటర్ల కాంతిగా పంపే ఆపరేటర్లు దాని శక్తిని యాంప్లిఫయర్లతో పెంచుతారు. ఆ కాంతి కనిపించదు, కనుక కన్ను చిట్లించుకునే ఆలోచన కూడా రాకముందే కంటి ముందరి పొర కార్నియాకు హాని జరగవచ్చు.