ఎముకలపై పాట: లెనిన్‌గ్రాడు నగరపు చాటు సంగీతము

ఎక్స్‌రే ఫిలిమును చూడనివారు నేడు అరుదు. వెలుతురునకు ఎదురుగా పట్టినచో పక్కటెముకలో, చేతివ్రేళ్లో, పుఱ్ఱెయో అందు తెల్లగా కనిపించును. అట్టి ఫిలిమును గుండ్రముగా కత్తిరించి, గ్రామఫోనుపై ఉంచి, ముల్లు ఆనించినచో పాట వినవచ్చుననిన నమ్మశక్యము కాకపోవచ్చును. కాని రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట సోవియట్ యూనియనునందలి లెనిన్‌గ్రాడు నగరమున ఎందరో యువజనులు తాము కోరిన పాటలను ఇట్లే వినిరి. ఆ రికార్డులకు వారు పెట్టుకొన్న పేరు ‘ఎముకలు’. 1991లో సెంట్ పీటర్స్‌బర్గు అను పాతపేరును మరల ధరించిన ఆ నగరమున, నలువది యేండ్లపాటు అధికారుల కనుచాటున సాగిన సంగీతమును గూర్చియు, దానినుండి మావంటి రేడియోవారు గ్రహింపదగిన విషయమును గూర్చియు ఇచ్చట ముచ్చటింతుము.

ఆ నగరమునకు రేడియో విలువ తెలియక కాదు. 1941 సెప్టెంబరు మొదలు 1944 జనవరి వరకు జర్మను సేనలు లెనిన్‌గ్రాడును ముట్టడించి యుండెను. లక్షలకొలది పౌరులు ఆకలిచే మరణించిరి. అట్టి దినములలో, 1942 ఆగస్టు 9వ తేదీన, రేడియో వాద్యబృందమున ప్రాణములతో మిగిలినవారును, సైన్యమునుండి పిలిపించిన వాద్యకారులును కలిసి, కార్ల్ ఎలియాస్‌బెర్గు నాయకత్వమున షొస్తకోవిచ్ ఏడవ సింఫనీని వినిపించిరి. రేడియోలోను, వీధులందలి లౌడుస్పీకర్లలోను అది నగరమంతట వినబడెను. సంగీతము అన్నముతో సమానమని ఆ ప్రజలు ఆనాడే గ్రహించిరి.

ఆరేండ్లు తిరుగకమునుపే గాలి మారినది. 1948 ఫిబ్రవరిలో పార్టీ చేసిన తీర్మానము ఆ షొస్తకోవిచ్‌నే, ప్రజలకు పొసగని సంగీతము వ్రాయువారిలో ఒకడని నిందించెను. జాజ్ సంగీతము పరదేశపు వికారముగా ఎంచబడెను. రుమేనియాలో నివసించుచు రష్యను భాషలో టాంగో పాటలు పాడిన ప్యోత్ర్ లెష్చెంకో రికార్డులు అంగడిలో దొరకవు, రేడియోలో వినరావు. వినువారి కోరిక మాత్రము తీర్మానముతో తీరలేదు.

ఆ దినములలో నగరపు ప్రధానవీధియైన నెవ్‌స్కీ ప్రాస్పెక్టున స్తనిస్లావ్ ఫిలోన్ అనునాతడు చిన్న రికార్డింగు దుకాణమును నడుపుచుండెను. బంధుమిత్రులకు పంపుకొనుటకై ఎవరి మాటనైనను రికార్డు చేసియిచ్చుట అతని బాహాటపు వ్యాపారము. అచ్చటి జర్మను యంత్రమును నిదానించి చూచిన రుస్లాన్ బొగొస్లోవ్‌స్కీ అను యువకుడు అట్టిదానిని స్వయముగా తయారు చేసికొనెను. బొరీస్ తైగిన్ మున్నగు మిత్రులతో గూడి అతడు ‘బంగారు కుక్క’ అను పేరిట రికార్డులు చేయసాగెను.

పని తీరు ఇట్టిది. ఒకవైపు అసలు రికార్డు తిరుగుచుండును. దాని ధ్వనికి అనుగుణముగా కంపించెడి కోతముల్లు మరియొకవైపు ఫిలిముపై గాడిని చెక్కుచు పోవును. పాట ఎంతసేపు సాగునో నకలునకును అంతసేపే పట్టును. వేగముగా అచ్చొత్తు ఉపాయము లేదు. మూడు నిముషముల పాటకు మూడు నిముషములు యంత్రము చెంత కూర్చుండవలసినదే. రికార్డు నిమిషమునకు 78 చుట్లు తిరుగును. ఒక ప్రక్కనే పాట యుండును. నడిమి రంధ్రమును పలుమారు కాలుచున్న సిగరెట్టుతో చేసెడివారు. ఫిలిమునకు కరవు లేదు. అగ్నిభయము వలన ఆసుపత్రులు పాత ఎక్స్‌రే చిత్రములను ఎక్కువకాలము నిలువయుంచరాదు. వానిని వదలించుకొనుటయే వారికి కావలయును.

ఇట్టి రికార్డులో పాటకంటె గరగర హెచ్చు. కొలదిమార్లు వేయగనే గాడి అరిగిపోవును. అయినను కోటు చేతులలో దాచి వీధిమూలలందు అమ్మువారును, కొనువారును ఉండిరి. బొగొస్లోవ్‌స్కీ బృందము 1950లో పట్టుబడెను. స్టాలిన్ మరణించిన 1953లో విడుదలయై వచ్చిన బొగొస్లోవ్‌స్కీ మరల అదే పనికి పూనుకొని, మరల చెరసాలకు పోయెను. ఒక టాంగో పాటకై అంత శిక్ష ఎందులకని మనకు తోచును. శిక్ష పాటకు కాదు; ప్రజలు ఏమి వినవలెనో నిర్ణయించు అధికారమును ధిక్కరించినందులకు.

1960వ దశకమున టేపు రికార్డరు ఇండ్లలో ప్రవేశించుటతో ఎముకల యుగము ముగిసెను. అచ్చుయంత్రములపై గట్టి కాపలా ఉండెను గాని, ఇంట టేపు రికార్డరు ఉంచుకొనుట నేరము కాదు. మాస్కో కవిగాయకులైన బులాత్ ఒకుద్జావా, వ్లదీమిర్ విసోత్‌స్కీ పాటలు ఒక టేపునుండి మరియొక టేపునకు ఎక్కుచు దేశమంతట వ్యాపించెను. ఆకాశమార్గమున వచ్చునదియు కొంత కలదు. 1955 మొదలు వాయిస్ ఆఫ్ అమెరికాలో విల్లిస్ కానోవర్ వినిపించిన జాజ్ కార్యక్రమమును, 1977 మొదలు బి.బి.సి. రష్యను విభాగమున సేవా నోవ్‌గొరోద్‌సెవ్ నడిపిన పాటల కార్యక్రమమును వినుటకై యువకులు రాత్రులందు షార్ట్‌వేవ్ ముల్లును త్రిప్పుచుండిరి. నోవ్‌గొరోద్‌సెవ్ పూర్వము లెనిన్‌గ్రాడు బృందమొకదానిలో శాక్సఫోను వాయించినవాడే.

ఇట్లు విని పెరిగినవారు తామే పాడ మొదలిడిరి. 1972లో బొరీస్ గ్రెబెన్‌షికోవ్, అనతోలి గునీత్‌స్కీలు ‘అక్వేరియం’ అను బృందమును స్థాపించిరి. ఇంగ్లీషు పాటలను అనుకరించుట మాని, స్వభాషలో స్వీయకవితను పాడుట ఈ నగరపు బృందముల విశిష్టత. 1980లో త్బిలిసీ నగరమున జరిగిన ఉత్సవమున అక్వేరియం ప్రదర్శన పెద్దలకు కోపకారణమయ్యెను. గ్రెబెన్‌షికోవ్ తన ఉద్యోగమును పోగొట్టుకొనెను. మరుసటి యేడు, 1981 మార్చి 7న, రూబిన్‌స్టైన్ వీధి 13వ సంఖ్య భవనమున లెనిన్‌గ్రాడు రాక్ క్లబ్బు తెరువబడెను. పాటల మాటలను ముందుగా సమర్పించి ఆమోదము పొందవలెను. రహస్య పోలీసుల కన్ను దానిపై ఉండెను. అయినను పాడుటకు ఒక వేదిక దొరకెను.

రికార్డింగునకు మరియొక మార్గము దొరకెను. బాలబాలికలకు ధ్వనిముద్రణ నేర్పుటకై నెలకొల్పిన ప్రభుత్వ కేంద్రమొకదానిలో ఆంద్రేయ్ త్రొపీల్లో ఉపాధ్యాయుడు. పిల్లల పాఠము ముగిసిన పిమ్మట ఆ గదిలోనే ఆయన ఈ బృందముల పాటలను టేపుపై ఎక్కించెను. అక్వేరియం బృందపు ‘నీలి ఆల్బము’ 1981లోను, విక్తర్ త్సోయ్ నాయకుడైన ‘కినో’ బృందపు మొదటి ఆల్బము 1982లోను అచ్చట పుట్టినవే. ఏ కంపెనీయు అమ్మని ఆ టేపులు చేతిమీదుగా నకళ్లయి ఊరూర తిరిగెను.

వీరికి పాట కూడు పెట్టలేదు. పైగా, ఉద్యోగము లేనివానిని సోమరియని శిక్షించు చట్టము ఉండెను. కవి జోసెఫ్ బ్రాడ్‌స్కీ 1964లో ఈ నగరముననే ఆ నేరముపై దండింపబడెను. కావున గాయకులు కావలివాండ్రుగను, బొగ్గు వేయువారుగను చేరిరి. త్సోయ్ బొగ్గు వేసిన ‘కమ్‌చాత్కా’ అను బాయిలరు గది నేడు ఆయన స్మారకస్థానము.

1986లో జోవన్నా స్టింగ్రే అను అమెరికా యువతి చాటుగా దేశము దాటించిన టేపులనుండి ‘రెడ్ వేవ్’ అను జంట రికార్డు అమెరికాలో వెలువడెను. నాలుగు ప్రక్కలు, నాలుగు లెనిన్‌గ్రాడు బృందములు. మరుసటి సంవత్సరము సోవియట్ ప్రభుత్వ సంస్థయైన ‘మెలోదియా’యే అక్వేరియం రికార్డును విడుదల చేసెను. మార్పును కోరుచు త్సోయ్ పాడిన పాట 1987లో సెర్గేయ్ సొలొవ్యోవ్ చలనచిత్రము ‘అస్సా’ ముగింపున వినబడెను. 1990 ఆగస్టు 15న, 28 యేండ్ల ప్రాయమున, త్సోయ్ లాత్వియాలో కారు ప్రమాదమున మరణించెను. ఆ పాట మరణించలేదు. 2020 ఆగస్టులో బెలారుస్ రాజధాని మిన్‌స్క్‌లో ప్రభుత్వము ఏర్పరచిన సభయందు దానిని వినిపించిన ఇద్దరు ధ్వని నిర్వాహకులకు పదేసి దినముల నిర్బంధము విధింపబడెను. ఇక గ్రెబెన్‌షికోవ్‌ను 2023లో రష్యా ప్రభుత్వము ‘విదేశీ ప్రతినిధి’గా ప్రకటించెను. కథ ముగిసినదనుటకు వీలులేదు.

మా వృత్తిలో ఉన్నవారికి ఇందొక హెచ్చరిక కలదు. మన దేశముననే, 1952లో, సమాచార ప్రసార మంత్రి బి.వి. కేస్కర్ విధానము వలన చలనచిత్ర గీతములు ఆకాశవాణినుండి దాదాపు అదృశ్యమయ్యెను. శ్రోతలు పాటను మానలేదు; స్టేషనును మార్చిరి. రేడియో సిలోను ఇంటింట మ్రోగెను. 1957 అక్టోబరులో వివిధభారతి ప్రారంభమైన పిమ్మటనే ఆ శ్రోతలు మరల మన వైపు తిరుగసాగిరి. ఇచ్చట పాట విన్నందులకు ఎవ్వరును చెరసాలకు పోలేదు. ఆ భేదము మిక్కిలి పెద్దది. కాని మూలమందలి పొరపాటు ఒక్కటే. ప్రసారము కానిది వినబడదను నమ్మకమే ఆ పొరపాటు.

ఏది మంచి సంగీతమో చెప్పవలసిన బాధ్యత రేడియోకు లేదని మేమనము. ఎన్నిక మా నిత్యకృత్యము. గంటకు అరువది నిముషములే గదా. కాని ఎన్నుట వేరు, మూయుట వేరు. శాస్త్రీయ సంగీతమునకు ప్రాతఃకాలమును కేటాయించినచో అది ఎన్నిక. మరియొక సంగీతమునకు ఏ వేళయు లేదనినచో అది మూత. మూత పడినచోట, ఆసుపత్రి చెత్తనుండి తెచ్చిన ఫిలిముపై మూడేసి నిముషములు కూర్చుండి పాటను చెక్కువాడొకడు పుట్టును. అతని ఓపికయెదుట ఏ ప్రసార సంస్థయు నిలువజాలదు.