భూమధ్యరేఖపై గాలి, విశాఖ యెదుట నీరు

గాలి యెటు త్రోసిన నీరటు పోవునని చెరువుగట్టున నిలిచినవాడెవడైనను చెప్పును. కాని విశాఖపట్టణపు సముద్రమును ఏడాది పొడవున కనిపెట్టి చూచినవానికి ఈ మాటపై నమ్మకము సడలక తప్పదు. మార్చి, ఏప్రిల్ మాసములయందు, నైరుతి ఋతుపవనము రాకకు ఇంకను రెండు మాసముల గడువుండగనే, మన తూర్పుతీరము వెంబడి నీరు ఈశాన్యమునకు ఏడాదిలోకెల్ల బలముగా పరువెత్తును. జూలైలో గాలి అదే దిశకు విడువక త్రోయుచున్నను ఆ ప్రవాహము నీరసించి, దక్షిణభాగమున ఉత్తరముగను ఉత్తరభాగమున దక్షిణముగను పోవుచు రెండు మనసులు గలదానివలె నుండును. నవంబరు నాటికి పూర్తిగా మొగము త్రిప్పుకొని, గంగా బ్రహ్మపుత్రల మంచినీటిని కలుపుకొని నైరుతికి దిగును. గల్ఫ్ స్ట్రీమ్, కురోషియో వంటి ప్రసిద్ధ ప్రవాహములు ఏడాది పొడవున ఒకే దారిని నడచునవి. మనది అట్టి బుద్ధిమంతురాలు కాదు.

1950 తరువాతి యేండ్లలో ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వచ్చి, ఇచటివారితో కలిసి బంగాళాఖాతపు నీటిని పరిశీలించిన అమెరికా శాస్త్రజ్ఞుడు లాఫాండ్, వసంతమున వాల్తేరు యెదుట అడుగునీరు పైకుబుకుటను గుర్తించెను. ఈ తీరపు నడకకు లెక్కలతో కారణము చెప్పుటకు మాత్రము మరి నాలుగు దశాబ్దములు కావలసివచ్చినది. 1996లో గోవాలోని జాతీయ సముద్రవిజ్ఞాన సంస్థకు చెందిన శంకర్, షెట్యే, అమెరికాకు చెందిన మెక్రియరీ ప్రభృతులు ఈ ప్రవాహమునకు నలుగురు యజమానులను చూపిరి: మన తీరముననే వీచు గాలి, బంగాళాఖాతపు నడుమ సుడితిరుగు గాలి, బర్మా బంగ్లాదేశ్ తీరములను రాచుకొనిపోవు గాలి, భూమధ్యరేఖపై వీచు గాలి.

వింతయెల్ల ఈ నాలుగవదానియందున్నది. భూభ్రమణము ఇతరత్ర నీటిని గాలిదారినుండి ప్రక్కకు మలచును గాని, భూమధ్యరేఖపై ఆ మలపు శూన్యమగుటచే, హిందూమహాసముద్ర మధ్యమున పడమటిగాలి కొన్ని దినములు గట్టిగా వీచెనా, నీరు నేరుగా తూర్పునకు సాగి సుమత్రా వైపు ప్రోగుపడును. పైకి కనబడు ఉబ్బు కొలది సెంటీమీటర్లే. లోపల, మీది వెచ్చని నీటిని క్రింది చల్లని నీటినుండి వేరుచేయు పొర పదులకొలది మీటర్లు క్రుంగును. ఈ యలజడి కెల్విన్ తరంగమను పేర సెకనుకు ఇంచుమించు రెండున్నర మీటర్ల వేగమున, అనగా దినమునకు రెండువందల పైచిలుకు కిలోమీటర్లు సాగి, సుమత్రాను తాకి చీలును. కొంత రాస్‌బీ తరంగములై వెనుకకు మరలును, కొంత దక్షిణమునకు పోవును, మిగిలినది ఒడ్డును కుడిచేతివైపున నుంచుకొని, గుడ్డివాడు గోడ తడవుకొని నడచినట్లు, అండమాను సముద్రపు తూర్పుటంచున, బర్మా మీదుగా, గంగాముఖమును చుట్టి, ఒరిస్సా దాటి మన తీరమునకు వచ్చును. ఆ దారి దాదాపు ఆరువేల కిలోమీటర్లనుకొన్నచో, ప్రయాణమునకు పట్టునది ఒక నెల. ఒడ్డున నీటిమట్టము పెంచుకొని వచ్చినది మన ప్రవాహమును నైరుతికి లాగును. తూర్పుగాలికి పుట్టి, మట్టమును తగ్గించుకొని వచ్చినది ఈశాన్యమునకు లాగును. నేడు భీమిలి యెదుట జాలరివాని వలను ప్రక్కకీడ్చు నీటి వెనుక, గతమాసమున ఏ నావయు లేనిచోట వీచి చల్లారిన గాలి యుండవచ్చును.

ఆ గాలియు నిలుకడగలది కాదు. వేసవి, శీతకాలపు ఋతుపవనముల సంధికాలములలో, ఏట రెండుమారులు, పడమటిగాలి లేచి రేఖవెంట తూర్పునకు ఒక ఉరవడిని పుట్టించునని 1973లో సముద్రశాస్త్రజ్ఞుడు విర్ట్‌కీ ప్రకటించెను. అంతకు రెండేండ్ల ముందే మాడెన్, జూలియన్ అనువారు కనుగొన్న మరియొక లయ కలదు: ముప్పది అరువది దినముల కొకమారు మేఘములును గాలులును గుంపుగా తూర్పునకు కదలు లయ. మన ప్రవాహము ఋతువుల మాట వినుచునే, నడుమ నడుమ కొన్ని వారములు పెడమొగము పెట్టుటకు ఈ రెండవ లయ ఒక ముఖ్యకారణము. 2009 నుండి గోవా సంస్థవారు విశాఖ, గోపాలపురము, కడలూరు మున్నగు చోట్ల లోతునీట లంగరువేసి నిలిపిన ధ్వనియంత్రములు, నీటి నడకను రేయింబవళ్లు వ్రాసిపెట్టుచు, ఋతువుల లయపై ఇట్టి నెలల వారముల ఒడిదుడుకులను స్పష్టముగా చూపినవి.

అయినను తప్పంతయు దూరపుగాలిదే యనుట న్యాయము కాదు. బంగాళాఖాతమున వందల కిలోమీటర్ల వెడల్పుగల సుడులు తిరుగుచుండును. అవి తీరమునొరసినపుడు ప్రవాహము చెదరును. వచ్చిన మార్పులో సుడి వాటా యెంత, తరంగము వాటా యెంత యని తేల్చుట నేటికిని సులభము కాలేదు. నా మట్టుకు, ప్రవాహపు జాడ చెప్పగోరువాడు తన పైకప్పుమీది గాలిసూచికకన్న భూమధ్యరేఖపై ఉపగ్రహము కొలిచిన గాలినే ముందు చూడవలెనని తోచును. సముద్రమే కనబడని హైదరాబాదున కూర్చుండి, ఇన్‌కాయిస్ సంస్థవారు జాలరులకు సముద్రస్థితిని తెలుపగలుగుటలో విడ్డూరమేమియు లేదు.

తరంగమునకు విశాఖ గమ్యస్థానము కాదు. మచిలీపట్టణము, చెన్నపట్టణము దాటి, సింహళమును చుట్టి, మలబారు తీరమెక్కి అది ఉత్తరమునకు పోవును. భూమధ్యరేఖపై గాలి మారిన కొన్ని వారములకు గోవా యెదుట తీరప్రవాహము దిశ మార్చుకొనుటను 2009లో ప్రకటితమైన కొలతలు చూపినవి.