హెచ్.ఐ.వి. బాధితుల్లో లింఫోమా: అసాధారణ నాడీ లక్షణాలు

1. ఉపోద్ఘాతం

లింఫోసైట్లు అనే తెల్లరక్తకణాలు అదుపు తప్పి పెరగడం వల్ల కలిగే క్యాన్సర్ లింఫోమా. మెడలోనో, చంకలోనో, గజ్జల్లోనో గ్రంథులు వాయడం దీని సాధారణ లక్షణం. హెచ్.ఐ.వి. బాధితుల్లో మాత్రం గ్రంథుల వాపు లేకుండానే ఇది నాడీమండలంలో బయటపడవచ్చు. అటువంటి లక్షణాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. మెదడులో లింఫోమా

ఘనమిల్లీమీటరు రక్తంలో సి.డి.4 కణాలు 50కన్నా తగ్గినవారికి మెదడులోనే లింఫోమా పుట్టే ప్రమాదం ఎక్కువ. ఈ కణితుల్లో దాదాపు అన్నింటిలోనూ ఎప్‌స్టీన్-బార్ వైరస్ కనిపిస్తుంది. కణితి ఉన్న చోటును బట్టి లక్షణం మారుతుంది. కొందరికి మూర్ఛ, కొందరికి పక్షవాతం రావచ్చు. మరికొందరిలో మతిమరుపు, ఉదాసీనత మాత్రమే కనిపిస్తాయి. వీటిని మానసికమైన కుంగుబాటుగా పొరబడే అవకాశం ఉంది.

3. ముఖంలో కనిపించే లక్షణాలు

లింఫోమా మెదడు పొరలకు పాకితే ఒకే వస్తువు రెండుగా కనిపించడం, మూతి వంకరపోవడం సంభవిస్తాయి. వీటికన్నా సులభంగా ఉపేక్షకు గురయ్యేది గడ్డం, కింది పెదవి మొద్దుబారడం. ఆ భాగానికి స్పర్శనిచ్చే నాడి దెబ్బతినడమే దీనికి కారణం. బర్కిట్ లింఫోమాలో ఇది తొలి లక్షణం కావచ్చు. సి.డి.4 సంఖ్య 200 దాటినవారిలోనూ ఈ రకం వస్తుంది. రోగి దీనిని పంటి సమస్యగా భావించడం సహజం. పైగా 'తిమ్మిరి' అనే మాటను చీమలు పాకినట్లుండడానికీ, స్పర్శ పోవడానికీ కూడా వాడతారు. కాబట్టి తాకితే తెలుస్తున్నదా, లేదా అని విడిగా అడగడం అవసరం.

4. నిర్ధారణలో చిక్కు

స్కానింగ్‌లో ఉంగరంలా కనిపించే మచ్చ లింఫోమా కావచ్చు, టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి వల్లగాని, క్షయ వల్లగాని ఏర్పడినదీ కావచ్చు. టాక్సోప్లాస్మాకు చికిత్స చేసినా సుమారు 2 వారాల్లో గుణం కనిపించకపోతే లింఫోమాపై అనుమానం బలపడుతుంది. వెన్నుద్రవ పరీక్ష, బయాప్సీ నిర్ధారణకు తోడ్పడతాయి. అంతకుముందే స్టెరాయిడ్లు ఇస్తే కణితి తాత్కాలికంగా కుంచించుకుపోయి బయాప్సీలో దొరకకపోవచ్చు. అందువల్ల అత్యవసర పరిస్థితిలో తప్ప వాటిని ముందుగా ఇవ్వరు.

5. ముగింపు

1996 తరువాత సంయుక్త ఔషధచికిత్స వ్యాప్తితో హెచ్.ఐ.వి. బాధితుల్లో మెదడు లింఫోమా బాగా తగ్గింది. భారతప్రభుత్వం 2004 నుండి ఏ.ఆర్.టి. మందులను ఉచితంగా అందిస్తున్నది. అయినా చికిత్స ఆలస్యమైనవారికి, మధ్యలో మానేసినవారికి ముప్పు తొలగలేదు. సామాజిక వివక్షకు భయపడి హెచ్.ఐ.వి. సంగతి దాచిన రోగి గడ్డం మొద్దుబారిందని చెబితే, దంతవైద్యునికి లింఫోమా స్ఫురించడం కష్టం. రోగి నిర్భయంగా చెప్పగల వాతావరణం కూడా వ్యాధినిర్ధారణలో భాగమే.