బార్క్ కాలర్ రివ్యూ: మా కాపలా కుక్కకి పెట్టి చూశాను, ఏమైందంటే...

నూజివీడు దగ్గర మా మామిడి తోటకి కాపలా మా టైగరే. కాకపోతే ఉడత కనిపించినా, రోడ్డు మీద బైక్ వెళ్లినా రాత్రంతా ఒకటే మొరుగుడు. పక్క తోట బాబాయ్ "నిద్ర ఉండట్లేదురా" అని గొడవ చేసేసరికి ఆన్‌లైన్‌లో ఒక బార్క్ కాలర్ తెప్పించాను.

ఎలా పనిచేస్తుంది?

కుక్క మొరిగితే గొంతు అదురుతుంది. సెన్సర్ దాన్ని పట్టుకుని బీప్ కొడుతుంది, తర్వాత వైబ్రేట్ అవుతుంది. కొన్ని మోడల్స్ సిట్రొనెల్లా స్ప్రే చేస్తాయి, కొన్ని షాక్ ఇస్తాయి. షాక్ కాలర్లని వేల్స్‌లో 2010లోనే బ్యాన్ చేశారు. నేనూ ఆ జోలికి పోలేదు. మైక్ ఒక్కటే ఉన్న మోడల్ అయితే పక్క కుక్క మొరిగినా మీ కుక్కకే శిక్ష పడొచ్చు, చూసి కొనండి.

వాడితే?

మూడో రోజుకే టైగర్ సైలెంట్. నేను ఫుల్ హ్యాపీ. ఐదో రాత్రి వాడు నా మంచం దగ్గరికొచ్చి సన్నగా మూలిగాడు. తల నిమిరి పడుకున్నాను. తెల్లారి చూస్తే రెండు చెట్ల కాయలు మాయం!

నాన్న తిట్టలేదు. "మొరగడమే కదరా దాని ఉద్యోగం" అన్నారంతే.

మా తీర్పు

సెన్సర్ పర్ఫెక్ట్. కానీ ఉడతకి, దొంగకి తేడా దానికి తెలియదు. కాపలా కుక్కకైతే వద్దు. ఇంట్లో కుక్కకి పెట్టినా రెండు వేళ్లు దూరేంత వదులు ఉంచండి, గంటల తరబడి వదిలేయకండి, మెడ పుండ్లు పడుతుంది.

ఇప్పుడు టైగర్‌ని రోడ్డు కనిపించని వైపు ఉంచుతున్నాం. "చాలు" అనగానే ఆగితే ఒక బిస్కెట్. రేటింగ్: 2/5.