గిడ్డంగి రసీదు: కాగితము నుండి ఖాతాకు

కంది కోసిన నెలలోనే బజారున కందులు కుప్పలు పడును, ధర తగ్గును. అయినను రైతు అమ్మక తప్పదు. ఎరువుల అప్పు, కోత కూలి, పిల్లల చదువు ధర పెరుగువరకు ఆగవు. సరుకును గిడ్డంగిలో ఉంచి, దాని రసీదుపై బ్యాంకి ఋణము తెచ్చుకొని, ధర చూచి అమ్ముకొనుడని ఎప్పటినుండియో చెప్పుచున్నారు. అది పల్లెలలో అంతగా సాగకపోవుటకు గల కారణములలో రసీదు ఒకటి.

కాగితపు రసీదును బ్యాంకి సులభముగా నమ్మదు. అది నకిలీది కావచ్చును. ఒకే సరుకుపై రెండు రసీదులు పుట్టవచ్చును. ఒకచోట తాకట్టున్న సంగతి మరియొకచోట తెలియదు. గిడ్డంగుల చట్టము 2007లో చేయబడి 2010 అక్టోబరు 25న అమలునకు వచ్చి రసీదుకు బలము చేకూర్చినది గాని, రసీదు మాత్రము కాగితముగానే మిగిలినది. 2017 సెప్టెంబరులో ఎలక్ట్రానిక్ రసీదు వచ్చినది. 2019 ఆగస్టు 1 నుండి, నియంత్రణ సంస్థ వద్ద నమోదైన గిడ్డంగులు చేతులు మారదగిన రసీదులను ఈ రూపముననే ఈయవలెను.

ఇది నడచు విధము ఇట్లుండును. రైతు పేర ఒక ఖాతా తెరువబడును. సరుకును కాటా వేసి, నమూనా తీసి, తేమయు నాణ్యతయు పరీక్షించి, ఆ వివరములను గిడ్డంగివారు ఖాతాలో నమోదు చేయుదురు. బ్యాంకి ఋణమిచ్చినచో తాకట్టు గురుతు అదే ఖాతాపై పడును. కావున అదే సరుకును మరియొక బ్యాంకిలో తాకట్టు పెట్టుటకు వీలులేదు. కొంత సరుకును మాత్రమే అమ్మదలచినచో రసీదును విడదీయవచ్చును. బస్తా కదలకుండ యజమాని మారును. జాతీయ ఎలక్ట్రానిక్ మార్కెట్ అయిన ఈ-నామ్‌లో గిడ్డంగి సరుకును అమ్ముకొను ఏర్పాటు 2020 ఏప్రిలులో వచ్చినది.

అయితే లాభమున్నదా? లెక్క వేసి చూతము. 40 క్వింటాళ్ల కందులు, క్వింటాలు 7,000 రూపాయలు అనుకొందము. విలువ 2,80,000. బ్యాంకి నూటికి 70 వంతున 1,96,000 ఇచ్చినదనుకొన్న, 7 శాతము చొప్పున నాలుగు నెలల వడ్డీ సుమారు 4,573 రూపాయలు. గిడ్డంగి అద్దె క్వింటాలుకు నెలకు 10 రూపాయలైనచో 1,600. రెండును కలిసి క్వింటాలుకు సుమారు 154 రూపాయలు. బండి కిరాయి, హమాలీ, తరుగు వేరు. ధర ఇంతకు మించి పెరుగునని నమ్మకము లేనిచో దాచుట దండుగ. ఈ మాట చెప్పకుండ, దాచుకొన్నవారికెల్ల లాభమే అని ప్రచారము చేయుట మంచిది కాదు. చిన్న, సన్నకారు రైతులు కిసాన్ క్రెడిట్ కార్డుపై రాయితీ వడ్డీని గూర్చి బ్యాంకిలో ముందుగా విచారించవలెను.

ఖాతా ఎంత చక్కగా ఉన్నను లోపలి పురుగును అది చూడలేదు. తేమ విషయమునే తీసికొనుడు. 18 శాతము తేమగల 100 క్వింటాళ్ల ధాన్యము 14 శాతమునకు ఆరినచో 95 క్వింటాళ్ల చిల్లర మాత్రమే నిలుచును. ఎవరును దొంగిలింపకయే సుమారు నాలుగున్నర క్వింటాళ్లు పోయినవి! కనుక కళ్లములోనే బాగుగా ఆరబెట్టి తేవలెను. నమూనా తీయునపుడు రైతు దగ్గర నిలువవలెను; పై బస్తాలోనే కాక అడుగు బస్తాలలో కూడ బొంగు గుచ్చి తీయించవలెను. రసీదుకు గడువు తేదీ ఉండును. ఆ లోపల సరుకు తీయనిచో గిడ్డంగివారు నోటీసు ఇచ్చి వేలము వేయగలరు.

ఇక సెల్‌ఫోను సంగతి. ఖాతాకు ఇచ్చిన నంబరుకే రహస్య సంఖ్య వచ్చును. తనకు చదువు రాదని కమీషన్ వ్యాపారి నంబరు వ్రాయించు రైతులున్నచో, వారు ఇనప్పెట్టె తాళము పరునికి ఇచ్చినట్లే. ఇంటిలో చదువుకొన్న కొడుకో కూతురో ఉన్నచో వారి నంబరు మేలు.

గ్రామాధికారులును సహకార సంఘ కార్యదర్శులును చేయదగిన పని ఒకటి కలదు. ప్రతి గిడ్డంగియు నమోదైనది కాదు. నమోదు కాని గిడ్డంగి వ్రాసియిచ్చు చీటీకి ఈ చట్టబలము లేదు. దగ్గరలోని గిడ్డంగులలో వేటికి నమోదు పత్రమున్నదో, దాని గడువు ఎంతవరకో, ఏ సరుకులను తీసికొనుచున్నవో ఒక పట్టిక వ్రాసి, కోతలకు ముందే పంచాయతీ కార్యాలయము గోడపై అంటింపవలెను.